మా అవ్వకు బోటి, కల్లు, ఒక బీటెక్

పాసయ్యాను! బీటెక్ పాసయ్యాను, మ్యాథ్స్‌తో సహా. ముప్పై ఐదు వస్తే చాలు అనుకున్న పేపర్‌లో నలభై ఒకటి వచ్చాయి. ఆ పైన ఆరు మార్కులు నాకెందుకో తెలియదు, కావలసినవాళ్లు వచ్చి తీసుకుపోవచ్చు.

మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ కాలేజీ గేటు దాటలేదు. అమ్మ ఏడో తరగతి దగ్గర ఆగింది. మామ పది తప్పి, ఆ తప్పిన సంగతిని ఇంగ్లీషులో చెప్పడం నేర్చుకున్నాడు. మా అవ్వ వేలిముద్ర. ఈ వార్త ముందుగా ఆ వేలిముద్ర మనిషికే చెప్పాలి. కానీ ఆమె పోయి రెండేళ్లయింది.

అందుకే ఈ ప్రయాణం. చేవెళ్ల నుంచి మొయినాబాద్, అక్కణ్నుంచి వెనక్కి కనకమామిడి. రెండు రోజులు. దూరం చూసి నవ్వకండి. కాశీ వెళ్లొచ్చినవాళ్లు మాత్రం ఏం రాస్తున్నారు? గది బాగుంది, ఇడ్లీ దొరికింది, గంగ చల్లగా ఉంది. వాళ్ల గంగకు గేటు లేదు. నేను వెళ్లాల్సిన చోటుకు గేటు ఉంది, గేటుకు తాళం ఉంది.

చేవెళ్ల బస్టాండ్

అవ్వ అంటే మా అమ్మ తల్లి. అమ్మ ఆమెను అవ్వా అని పిలిచేది, విని విని నేనూ అదే పిలిచాను. పేరు పెంటమ్మ. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే, ఈమె మీదైనా దేవుడి కన్ను పడకూడదని పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఆ పేరు పెట్టారట. "దేవుని కన్ను పడలే గానీ కండక్టర్లందరి కన్ను పడ్డది" అనేది.

ఎందుకు పడదు? కొడుకు, అదే మా మామ దగ్గర ఇమడలేక చేవెళ్లలో మా దగ్గరికి వచ్చాక కూడా ఊరికే కూర్చోలేదు. ఇక్కడి మార్కెట్లో టమాటా కొని, గంపతో బస్సెక్కి, మెహదీపట్నంలో అమ్మి వచ్చేది. గంపకు టికెట్ తీసుకోమన్న కండక్టర్‌తో, "గంపకు సీటిస్తవా? ఇస్తనంటే టికెట్ కొట్టు. లేకుంటే దీన్ని నీ ఒళ్లె వెడ్త" అనేది. ఆడవాళ్లకు సున్నా రూపాయల టికెట్లు వచ్చిన తర్వాత ఆమెకు బస్సెక్కడంలో రుచి పోయింది. పోట్లాడటానికి ఏమీ మిగలలేదు పాపం.

ఫోన్ ఉన్నా మాట్లాడేది కాదు. రింగులు ఇచ్చేది. ఒక రింగు ఇచ్చి కట్ చేస్తే బస్సెక్కినట్టు. రెండు రింగులైతే సరుకంతా అమ్ముడుపోయినట్టు, ఆ రోజు ఆమె గెలిచినట్టు. ఇంట్లో అందరికీ ఈ లెక్క తెలుసు. ఇంటికొచ్చాక మాత్రం ఎంత పెద్ద వార్త చెప్పబోయినా చెయ్యి అడ్డం పెట్టేది. "ఆగు, ముందుగాల నన్ను తిననియ్యి. ఆకలి మీద మంచి ముచ్చట గూడ చెడ్డ ముచ్చట లెక్కనే ఇనవడ్తది."

బస్టాండ్‌లో మిర్చి ప్లేటు ముప్పై రూపాయలు. నాలుగే ఇచ్చాడు, అందులో ఒకదాంట్లో మిరపకాయే లేదు. చామంతి పూల మూట పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకామె నా చేతిలోని ఫైలు చూసి పలకరించింది.

"ఏం చదివినవ్ బిడ్డా?"

"బీటెక్ పాసైన అక్కా. మొన్ననే రిజల్ట్ వచ్చింది."

"అవునా! జీతమెంత?"

మా వైపు ఇదొక ఆచారం. పాసయ్యానంటే ఎవరూ సంతోషపడరు, జీతమెంత అంటారు. ఇంకా ఉద్యోగం రాలేదన్నాను. "అయితే పాసై ఏం ఫాయిదా" అని నా ప్లేటులోంచి ఆ మిరపకాయ లేని బజ్జీ తీసుకుని తిన్నది. అది పోయినందుకు నాకేం బాధ లేదు.

బస్సులో గుర్తొచ్చిన పిట్ట

బస్సు కనకమామిడి మీదుగానే మొయినాబాద్ పోతుంది. అక్కడ రోడ్డు పక్కన వరసగా ప్రహరీగోడలు. ఒకప్పుడు అవి చెలకలు, వాన మీద పండే భూములు. ఇప్పుడు ఒక్కో గోడకు ఒక్కో పేరు, ఏదీ నోరు తిరిగేది కాదు. అందులో ఒక గోడ వెనక మా అవ్వ ఉంది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా దగ్గర మనిషి పోయిన మూడో రోజు ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి, సమాధి దగ్గర విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడి పిట్ట కోసం చూస్తారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అవ్వను ఆమె చెలకలోనే, వేపచెట్టు పక్కన పెట్టాం. మూడో రోజు మేక పేగుల బోటి కూర, జొన్న రొట్టె, ఈత కల్లు పెట్టాం. చెట్టు మీద నాలుగు కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు.

గంట గడిచింది. చుట్టాలు ఆమె కోరికలు చెప్పడం మొదలుపెట్టారు. "గా మెడల బంగారు గుండ్లు నాకియ్యాలని ఉండెనేమో" అని మా అత్త. "చెలక అమ్ముకొమ్మని నాతోని చెప్పాలనుకున్నదేమో" అని మామ. బతికుండగా ఆమె నోటికి భయపడినవాళ్లందరూ, చచ్చిపోగానే ఆ నోట్లో తమ మాటలు పెట్టారు. కాకులకు కూడా నచ్చలేదు.

నేను విస్తరి దగ్గరికి వెళ్లాను. "అవ్వా, లెక్కల పేపర్ పాసైత. పాసై ఈడికే వచ్చి చెప్త. బోటి, కల్లు తెస్త" అన్నాను. రెండడుగులు వెనక్కి వేశానో లేదో, కాకి దిగింది.

అందరూ చేతులు జోడించారు. మామ మాత్రం నవ్వాడు. "అట్లయితే మా అవ్వ ఇగ ఈ చెలకల్నే ఉంటది. గీ పోరి పాసయ్యేది లేదు, ఆమె పోయేది లేదు."

ఆ తర్వాత మూడుసార్లు తప్పాను. ప్రతిసారీ మార్కుల కంటే ముందు ఆయన నవ్వే గుర్తొచ్చేది. రెండేళ్లుగా ఆమెను అక్కడ ఆపి ఉంచింది నేనే అనిపించేది. ఈలోగా ఆయన చెలక అమ్మేశాడు.

మొయినాబాద్, మొదటి రోజు

కాలేజీ పేరు రాయను. రాస్తే ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుంది. గేటు మీద ఉద్యోగాలు వచ్చినవాళ్ల ఫోటోలతో పెద్ద బ్యానర్ ఉంటుంది. నేను చేరిన రోజు ఏ మొహాలున్నాయో ఇప్పుడూ అవే ఉన్నాయి. ఎండకు వాళ్ల మీసాలు వెలిసిపోయాయి.

ప్రొవిజినల్ సర్టిఫికెట్ కోసం ఎనిమిది సంతకాలు కావాలన్నారు. అందులో ఒకటి స్పోర్ట్స్ సార్ది. చదివినన్ని రోజుల్లో నేను ఆ కాలేజీలో బంతి చూడలేదు. స్పోర్ట్స్ గది ఎక్కడుందో అడుక్కుంటూ పోతే జిరాక్స్ మిషన్ వెనక ఉంది. అందులో ఉన్నది విరిగిన కుర్చీలు, మధ్యలో సార్. ఏడు సంతకాలయ్యేసరికి సాయంత్రమైంది. ఎనిమిదోది ప్రిన్సిపాల్‌ది.

"సార్ లంచ్‌కు పోయిండు" అన్నాడు క్లర్క్.

"నాలుగైతున్నది సార్."

"అయితే రేపు రా."

ఇక ఆ పూట మామ ఇంటికి పోక తప్పలేదు.

మామ డూప్లెక్స్

చెలక అమ్మిన తర్వాత మామ మొయినాబాద్‌లో డూప్లెక్స్ కట్టాడు. హాల్లో చేపల తొట్టి ఉంది, అందులో ఒక్కటే చేప. తోడు లేక అది మామ మొహం చూస్తూ బతుకుతోంది. అత్త నాకు టీ ఇచ్చిన కప్పు చూస్తే మా అవ్వ తమలపాకుకు సున్నం పెట్టుకునే డబ్బీ గుర్తొచ్చింది. అంత ఉంది అది.

"పాసైన మామా" అన్నాను.

"ఇన్నొద్దులకా!" అన్నాడు. అంతే. కాసేపటికి, "రేపు ఎటు పోతవ్?" అన్నాడు.

"అవ్వ దగ్గరికి. మాటిచ్చిన గదా."

రిమోట్ కింద పెట్టాడు. రెండేళ్లలో ఆయన నా ముఖం సరిగ్గా చూసింది అప్పుడే.

"అటు పోకు. ఆడ సమాధి ఉన్నదని కొన్నోళ్లకు తెల్వది. పోచమ్మ అని చెప్పిన."

"ఏందీ?"

"లోపట సమాధి ఉన్నదంటే ఎవడు కొంటడే? పోచమ్మ అంటే ముట్టరు, భయపడ్తరు. నువ్వు పోయి అవ్వా అవ్వా అని ఏడిస్తే వాళ్లకు సమజైతది. జేసీబీ తెచ్చి తవ్వి పారేస్తరు. నీ ఇష్టం ఇగ."

జీవితమంతా దేవుళ్లతో పరాచికాలాడిన మనిషిని దేవతను చేశాడు. అదీ బేరం కోసం. కోపంతో ఏదో అనబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆ దిక్కుమాలిన అబద్ధమే ఇప్పుడు ఆమెను కాపాడుతోంది. నేను నిజం చెబితే ఆమెకు చోటు ఉండదు. వెళ్లకపోతే నా మాట ఉండదు.

రెండో రోజు, పల్లె రుచులు

పొద్దున పది గంటలకు ఎనిమిదో సంతకం పడింది. ప్రిన్సిపాల్ కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. నేను కాబట్టి సరిపోయింది, మా అవ్వైతే "నా మొకం మీద అమ్మవారి మచ్చలేమన్న ఉన్నయా సారూ, సూడనీకె భయపడ్తున్నవ్" అని ఉండేది.

తర్వాత బోటి. అత్త తన కొత్త వంటింట్లో బోటి వాసన రానివ్వనంది. అందుకని రోడ్డు మీద ఒక హోటల్‌కు వెళ్లాను. ముందర ఎడ్లబండి చక్రాలు, గోడకు వేలాడే చేటలు, లాంతర్లు. పల్లెటూరి వాళ్లకు పల్లెటూరిని అమ్ముతున్నారు. ప్లేటు బోటి నూట ఎనభై, జొన్న రొట్టె ఒకటి ముప్పై ఐదు. ఆ రొట్టె నా అరచేతిలో ఇమిడింది. మా అవ్వ రొట్టె చేస్తే పొయ్యి మీది పెంకు అంచులు కనిపించేవి కాదు. బోటి మీద వేయించిన జీడిపప్పు చల్లారు.

"ఇది ఎందుకన్నా?" అని అడిగాను.

"లుక్కు కోసం మేడం" అన్నాడు సర్వర్.

లోకంలో ఇంకేం మిగిలింది? బోటికి లుక్కు!

కనకమామిడిలో బస్సు దిగి, ఈతచెట్ల దగ్గర కల్లు అమ్మే గౌడన్న దగ్గరికి వెళ్లాను. ఆడపిల్ల ఒక్కతే, చంకలో ఫైలు, చేతిలో టిఫిన్ బాక్సు, కల్లు అడుగుతోంది. అక్కడున్న నలుగురు మగవాళ్లు తాగడం ఆపేశారు. గౌడన్న నన్ను కాసేపు చూశాడు.

"నువ్వు పెంటమ్మ మనుమరాలివి గదూ? ఆమె ముక్కే."

"అవునన్నా. పాసైన, అవ్వకు పెట్టనీకె పోతున్న."

"నీ అవ్వ నా కుండ చూసి ఏమన్నదో ఎరికేనా? 'గౌడా, కల్లుల నీళ్లు కలిపినవా, నీళ్లల కల్లు కలిపినవా, జర ముందే చెప్పు, దానివట్టి నిషా తెచ్చుకుంట' అన్నది. మా నాయన గూడ నన్ను అంత మాట అనలే." సీసా నింపి ఇచ్చి, డబ్బులు వద్దన్నాడు. "పిట్ట ముడితే నాకొక ఫోన్ కొట్టు."

చిన్న ప్రమాదం ఇక్కడే జరిగింది. ఎండలో నడుస్తుంటే కల్లు పొంగి సీసా మూత ఎగిరింది. సగం కల్లు ఫైలు మీద పడింది. కవర్ ఉంది కాబట్టి అక్షరాలు బతికాయి, కానీ నా ప్రొవిజినల్ సర్టిఫికెట్ ఇప్పటికీ కొంచెం పుల్లగా వాసన వస్తుంది. రేపు ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే మా అవ్వ ముందు చూసిందని చెబుతాను.

గేటు ముందు

గేటు దగ్గర వాచ్‌మన్‌ను చూసి గుర్తుపట్టాను. ఎల్లయ్య తాత. మా చెలక పక్క చెలక ఆయనది. అదీ ఇప్పుడు ఇదే గోడలో ఉంది. తన భూమికి తానే కాపలా, యూనిఫామ్ వేసుకుని. ఆ టోపీ ఆయన చెవుల మీదికి దిగిపోయింది.

"బిడ్డా, నువ్వా! పాసైనవా?" అన్నాడు. జీతమెంత అని కాక, పాసైనవా అని అడిగిన మొదటి మనిషి.

"పాసైన తాతా. అవ్వకు చెప్పాలె."

చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మేడం లోపటనే ఉన్నది. మొక్కు ఉన్నదని చెప్పు. నేను నిన్ను తెల్వనట్టే ఉంట. ఒక్కటి యాదికుంచుకో, అవ్వా అని మాత్రం అనకు."

మేడం వచ్చింది. యాభై దాటి ఉంటాయి, నీటుగా ఉంది, చేతిలో గార్డెన్ కత్తెర. "ఎవరమ్మా మీరు?" అంది.

ఆ తర్వాత నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు. అది నా గొప్ప. "ఈ ఊరి పిల్లనే మేడం. ఈ తల్లికి మొక్కుకున్న. పరీక్ష పాసైతే ఈడికొచ్చి చెప్త, పెట్టాల్సింది పెడ్త అని. పాసైన."

మేడం ముఖం విప్పారింది. "చూశారా! నేను మా వాళ్లకు చెబుతూనే ఉన్నాను, ఈ తల్లి చదువుల తల్లి అని. మా అబ్బాయికి మ్యాథ్స్ సప్లిమెంటరీలు ఉండిపోతే ఇక్కడే మొక్కాను. అన్నీ ఒకేసారి పాసైపోయాడు!"

సొంత మనవరాలిని మూడుసార్లు తప్పించి, పరాయి పిల్లవాడిని ఒక్క దెబ్బకు గట్టెక్కించావా అవ్వా? వాడెవడో కూడా నీకు తెలియదే!

వేపచెట్టు కింద

వేపచెట్టు అదే. మిగతాదంతా మారిపోయింది. అవ్వ మీద నల్ల గ్రానైట్ పరిచారు. చిన్న గోపురం, ఇత్తడి గంట, చెట్టుకు పసుపు చీర. బతికుండగా ఆమెకు ఉన్నవి మూడు చీరలు, మూడూ ఉతికి ఉతికి ఒకే రంగు.

"ప్రతి శుక్రవారం చక్కెర పొంగలి పెడతామమ్మా. నేనే స్వయంగా చేస్తాను. పానకం కూడా" అంది మేడం.

మా అవ్వకు షుగర్. దవాఖానలో డాక్టర్ బెల్లం ముక్క కూడా వద్దంటే, ఆయన కళ్ల ముందే కోపంగా ముక్కు చీదిన మనిషి. ఎల్లయ్య తాత టోపీ సర్దుకుంటూ అటు తిరిగాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

నేను టిఫిన్ బాక్సు మూత తీశాను. వాసన తగలగానే మేడం వెనక్కి జరిగింది.

"అయ్యో, నాన్‌వెజ్జా? ఇక్కడ కుదరదమ్మా. అమ్మవారికి అపచారం. ఆ సీసా ఏమిటి?"

"కల్లు మేడం."

"వద్దు వద్దు. దయచేసి తీసుకెళ్లిపోండి."

ఇక్కడ నేను గనక నోరు జారితే అంతా అయిపోయేది. మామ మాట గుర్తొచ్చింది. వింతగా, ధైర్యం కూడా అక్కణ్నుంచే వచ్చింది. పోచమ్మ అని చెప్పింది ఆయనే కదా? అయితే పోచమ్మే కానీ.

"మేడం, మీరు పట్నమోళ్లు, మీకు తెల్వకపోవచ్చు. పోచమ్మకు పొంగలి పెట్టరు. కోడో యాటో కోస్తరు, కల్లు సాక పోస్తరు. ఈమె గుళ్లె కూసునే తల్లి కాదు, పొలంల తిరిగే తల్లి. ఇన్ని దినాలు తీపి పెట్టిన్రు, ఊకున్నది. మస్తు ఓపిక ఉన్న తల్లి."

మేడం ఎల్లయ్య తాత వైపు చూసింది. "నిజమేనా ఎల్లయ్యా?"

"నిజమే మేడం" అన్నాడు తాత గంభీరంగా. "తీపంటే ఆ తల్లికి పడనే పడదు. మీరు ముద్దుగ పెడ్తున్నరని నేనే చెప్పలే."

కొడుకు సప్లిమెంటరీలు ఆమె కళ్ల ముందు తిరిగాయనుకుంటాను. చివరికి గార్డెన్ కత్తెర కింద పెట్టి, చేతులు జోడించి పక్కకు తప్పుకుంది.

గ్రానైట్ మీద విస్తరి వేశాను. రొట్టెలు, బోటి, మిగిలిన సగం సీసా కల్లు. దాని ముందు సర్టిఫికెట్. ఇక పిట్ట రావాలి. కానీ ఆ ఫామ్‌హౌస్‌లో కాకులు రాకుండా చెట్టు నిండా తళతళలాడే రిబ్బన్లు కట్టారు. లాన్ పాడవుతుందట. కాకులను తోలడం కూడా ఎల్లయ్య తాత డ్యూటీ.

మామ నవ్వు వినిపించింది. రెండేళ్లు చదివి, ఎనిమిది సంతకాలు తెచ్చి, గేటు దాటి వచ్చి, చివరికి రిబ్బన్ల దగ్గర ఆగిపోతానా? ఎట్లా చెప్పాలో మాట కూర్చుకుంటున్నాను. అవ్వా అనకూడదు. తల్లీ అనాలి. "తల్లీ" అని నోరు తెరిచాను.

రెక్కల చప్పుడు. గోడ అవతలి నుంచి ఒక కాకి రిబ్బన్ల కిందుగా దూరి, నేరుగా విస్తరి మీద వాలింది. నేనింకా ఏమీ చెప్పనే లేదు. అది నా వైపు చూడలేదు, సర్టిఫికెట్ వైపు చూడలేదు. బోటి ముక్క ముక్కున కరుచుకుంది, మింగింది, ఇంకొకటి తీసుకుంది.

ఆగు, ముందుగాల నన్ను తిననియ్యి.

నేను నోరు మూసుకున్నాను. అది తినేదాకా నిలబడ్డాను. తర్వాతే చెప్పాను, "పాసైన తల్లీ. నలభై ఒకటి వచ్చినయి." కళ్లు తుడుచుకుంటే మేడం భక్తి అనుకుంది.

"జీడిపప్పు ముట్టలే సూడు" అన్నాడు ఎల్లయ్య తాత నా చెవిలో. నిజమే. లుక్కు మొత్తం విస్తరిలోనే మిగిలింది.

వచ్చేటప్పుడు మేడం గేటు దాకా వచ్చింది. శుక్రవారం పొంగలి మానేసి, ఆదివారం ఎల్లయ్య చేత బోటి, కల్లు పెట్టిస్తానంది. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "ఒకటి చెప్పనా అమ్మాయ్? దీపం పెట్టి ఇక్కడ కూర్చుంటే ఎందుకో తెలియదు, నాకు ఊరికే నవ్వొస్తుంటుంది" అంది.

ఆ ఒక్క మాటకు ఆమెను క్షమించాను. గ్రానైట్‌ను క్షమించలేదు.

తిరుగు బస్సు

సీటు దొరికింది. టికెట్ సున్నా. పోట్లాడటానికి నాకూ ఏమీ మిగలలేదు. కాబట్టి ఫోన్ తీసి, ఇంకా చెప్పాల్సినవాళ్ల పేర్లు రాసుకున్నాను:

అమ్మ. ఇప్పటికి ఆరుసార్లు చెప్పాను. మళ్లీ చేయమంది. ఈసారి పక్కింటామె వినేలా స్పీకర్ పెడుతుందట.

గౌడన్న. పిట్ట ముట్టిందని. మూత గట్టిగా బిగించడం నేర్చుకొమ్మని కూడా.

మెహదీపట్నంలో అవ్వ పక్కన ఉల్లిగడ్డ అమ్మిన జైబున్ ఖాలా. ముందు ఏడుస్తుంది, తర్వాత మిఠాయి అడుగుతుంది.

మ్యాథ్స్ సార్. నీకు ఎందుకమ్మా ఈ సబ్జెక్ట్ అన్నాడు ఒకసారి క్లాసు అందరి ముందు. ఫోన్ చేసి పేరు చెప్పి, ఆయన ఏమంటాడో వింటాను.

ప్రిన్సిపాల్. వద్దులే, లంచ్‌లో ఉంటాడు.

మామ. మాట్లాడను. రెండు రింగులు ఇచ్చి కట్ చేస్తాను. ఆమె కొడుకే కదా, అర్థమవుతుంది.